మందు మారలేదు, తిండి మారలేదు, షుగర్ మాత్రం పెరిగింది. టెన్షన్ వల్ల పెరుగుతుందా?

తెనాలి_టీచర్
నాకు 46 ఏళ్లు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ మెట్‌ఫార్మిన్‌తోనే అదుపులో ఉంది. పరగడుపున 115, 120 ఉండేది. మూడు నెలల సగటు (HbA1c పరీక్ష) 6.8 శాతం దాటలేదు. ఆర్నెల్ల క్రితం 7.3 వచ్చింది. నిన్న చూపించుకుంటే పరగడుపున 171, సగటు 8.2. రిపోర్టు చూసి డాక్టరు గారు ఒక్కటే అడిగారు, "ఇంట్లో ఏమైనా టెన్షన్‌గా ఉందామ్మా?" అని. అంతే, అక్కడే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పద్నాలుగు నెలల క్రితం అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, నాకొక్కదానికే అర్థమవుతుంది. మా ఇంట్లోనే ఉంచుకున్నాను. రాత్రి పన్నెండుకి, రెండుకి, నాలుగుకి ఫోన్‌లో అలారం పెట్టుకుని లేచి పక్క మారుస్తాను. మొదట్లో తెలియక వదిలేస్తే నడుం కింద పుండు పడింది. అది మానడానికి రెండు నెలలు పట్టింది. అప్పట్నుంచి ఒక్క రాత్రి కూడా తప్పలేదు. ఎనిమిదిన్నరకి బడిలో ఉండాలి. పగలు పనమ్మాయి చూసుకుంటుంది.

మావారు "అన్నం ఎక్కువ తింటున్నావేమో" అంటారు. గ్లాసుతో కొలుచుకుని తింటున్నాను. తమ్ముడు బెంగళూరు నుంచి రోజూ ఫోన్ చేసి "అక్కా, టెన్షన్ తీసుకోకు" అంటాడు. నిజంగా దీనివల్ల షుగర్ పెరుగుతుందా, లేక డాక్టర్లు ఊరికే అనే మాటా?

మిర్చియార్డు
కారణం దొరకనప్పుడు డాక్టర్లు చెప్పే మాట టెన్షన్. మా నాన్నని ఎక్కడికి తీసుకెళ్లినా అదే చెప్పారు. చివరికి మేమే కూర్చుని లెక్కేస్తే రోజుకి తొమ్మిది టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. ముందు వారం రోజులు నోట్లో వేసుకున్నదంతా పుస్తకంలో రాయండి మేడం. బడిలో పిల్లల పుట్టినరోజు చాక్లెట్లతో సహా.

రాత్రిడ్యూటీ
మిర్చియార్డు గారూ, తిండి రాసుకోమనడం మంచి సలహానే. కానీ టెన్షన్ అనేది ఊరికే అనే మాట కాదు. పంతొమ్మిదేళ్లుగా నర్సుని. గుండెపోటుతో వచ్చినవాళ్లకి, పెద్ద దెబ్బ తగిలి వచ్చినవాళ్లకి, ముందెప్పుడూ షుగర్ లేకపోయినా ఆ రాత్రి 200 దాటడం ఎన్నోసార్లు చూశాను. వాళ్లు వచ్చే దారిలో ఏమీ తినలేదు కదా.

టీచర్ గారూ, పద్నాలుగు నెలలు రాత్రికి మూడుసార్లు లేస్తున్నారంటే మాకిచ్చే నైట్ డ్యూటీలకన్నా ఎక్కువ. మాకు మర్నాడు పడుకోనిస్తారు. మీకు బడి.

ఓరుగల్లు_రాజు
నేను మిర్చియార్డు పక్షం. ఆరేళ్లు కడుపులో మంట. వెళ్లిన ప్రతిచోటా "టెన్షన్ తగ్గించుకో, అల్సర్ దానివల్లే" అన్నారు. యోగా చేశాను, ఉద్యోగం మారాను, కారం మానేశాను. ఆఖరికి ఒకాయన ఎండోస్కోపీ చేసి, కడుపులో బ్యాక్టీరియా ఉందని రెండు వారాలు యాంటీబయాటిక్స్ ఇచ్చాడు. మంట పోయింది. ఆ బ్యాక్టీరియా సంగతి నిరూపించడానికి ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు 1984లో దాన్ని తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఆయనకీ, ఆయన తోటి డాక్టర్ రాబిన్ వారెన్‌కీ నోబెల్ ఇచ్చారు. ఇంత తెలిసిన తర్వాత కూడా నాకు ఆరేళ్లు టెన్షనే అని చెప్పారు. ఆ కోపం ఇంకా పోలేదు.

స్టెతస్కోప్
రాజు గారి కోపం న్యాయమైనదే. పరీక్ష చేయకుండా టెన్షన్ అని పంపేయడం తప్పు. కానీ టీచర్ గారి విషయంలో ప్రశ్న వేరు. ఆమెకి జబ్బు ఏమిటో తెలుసు, అదెందుకు పెరిగిందన్నదే ప్రశ్న. జనరల్ మెడిసిన్ చేస్తాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కంగారు పుట్టగానే మెదడు నుంచి కబురు అడ్రినల్ గ్రంథులకి వెళ్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉంటాయి అవి. ముందు అడ్రినలిన్, కాసేపటికి కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. రెండూ కలిసి కాలేయం చేత చక్కెరని బయటికి తోయిస్తాయి. కార్టిసాల్ ఇంకో పని కూడా చేస్తుంది. ఇన్సులిన్ వచ్చి తలుపు కొట్టినా కండరాలు తొందరగా తియ్యవు. పాము కనబడితే పరిగెత్తడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. పరిగెడితే ఆ చక్కెర ఖర్చయిపోతుంది. మీరు రాత్రి రెండింటికి లేచి, అమ్మగారి పక్క మార్చి, మళ్లీ నడుం వాల్చి, నాలుగింటి అలారం కోసం సగం మెలకువతో ఉంటే అది ఎక్కడ ఖర్చవుతుంది? షుగర్ లేనివాళ్లకైతే ఇన్సులిన్ ఇంకాస్త ఊరి సర్దుకుంటుంది. మీకు ఆ వెసులుబాటు తక్కువ.

పైగా కార్టిసాల్‌కి ఒక వేళ ఉంది. నిద్రపోయేవాళ్లలో అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగున ఉండి, తెల్లవారుజాముకి పెరుగుతుంది. నిద్ర ముక్కలైతే ఆ వరస చెదురుతుంది. నిద్ర తక్కువైతే చాలు, ఇన్సులిన్ పని మందగిస్తుంది.

అయినా ఇంతటితో తేల్చేయకూడదు. నాలుగు ప్రశ్నలు. ఈమధ్య మూత్రంలో మంట, జ్వరం ఏమైనా ఉన్నాయా? థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించారు? మందు వేళకి వేసుకుంటున్నారా? నడుముకో, భుజానికో, మోకాలికో ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నారా?

తెనాలి_టీచర్
మంట, జ్వరం లేవు. థైరాయిడ్ రెండేళ్ల క్రితం చూశారు, బాగానే ఉంది. మందు నెలలో రెండు మూడుసార్లు మర్చిపోతున్న మాట నిజం. అమ్మ మాత్రలు ఒక్కటి కూడా మర్చిపోను, నావే మర్చిపోతాను.

ఇంజెక్షన్ అంటే... అమ్మని ఎత్తీ దించీ కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు, బోర్డు మీద రాయలేకపోయాను. నెల క్రితం భుజంలో ఒక ఇంజెక్షన్ చేశారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

స్టెతస్కోప్
ఉంది. భుజం కీలులోకి చేసేది ఎక్కువగా స్టెరాయిడే. ఆ చీటీ డాక్టరుకి చూపించండి. దానివల్ల షుగర్ కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పది రోజులు పెరిగి ఉంటుంది. ఇంజెక్షన్ చేసేవాళ్లకి మీకు షుగర్ ఉందని చెప్పారో లేదో కూడా గుర్తుచేసుకోండి.

మిర్చియార్డు
చూశారా, టెన్షన్ కాదు, ఇంజెక్షన్. నేను ముందే అన్నాను, వెతికితే కారణం దొరుకుతుందని.

రాత్రిడ్యూటీ
మూడు నెలల సగటు 8.2 ఒక్క ఇంజెక్షన్‌తో రాదు కదండీ. ఆర్నెల్ల క్రితమే 7.3 ఉందని మొదటి పోస్టులోనే రాశారు ఆవిడ. అప్పటికి ఇంజెక్షన్ లేదు.

స్టెతస్కోప్
నర్సు గారు సరిగ్గా పట్టుకున్నారు. ఇంకో మాట. స్టెరాయిడ్ అంటే కార్టిసాల్‌కి దగ్గర చుట్టం, మందుగా తయారుచేసింది. బయటి నుంచి ఒక్క మోతాదు ఇస్తేనే షుగర్ పెరుగుతుందని మిర్చియార్డు గారు ఒప్పుకుంటున్నారు. అదే జాతిది లోపల రోజూ రాత్రి కొంచెం కొంచెం ఎక్కువగా ఊరుతుంటే పెరగదంటే ఎలా? ఆ భుజం నొప్పి కూడా ఎక్కడి నుంచి వచ్చింది, అమ్మగారిని ఎత్తడం వల్లే కదా. ఇవన్నీ విడివిడి కారణాలు కావు.

మిర్చియార్డు
ఇది ఒప్పుకుంటాను. ఇలా చెబితే అర్థమవుతుంది. మాకెవరూ ఇలా చెప్పలేదు.

సిరి_అశోక్‌నగర్
మధ్యలో వస్తున్నాను. గ్రూప్స్‌కి చదువుతున్నా. పరీక్ష అయ్యాక హాయిగా ఊరికి పోయాను, అప్పుడు మొదలైంది జుట్టు ఊడడం. దువ్వెన పెడితే గుప్పెడు. టెన్షన్ అయిపోయాక ఎందుకు ఊడుతుంది అని అమ్మ నూనెలు మార్చింది. స్కిన్ డాక్టర్ చెప్పింది, ఒత్తిడి పడ్డ రెండు మూడు నెలలకి ఊడుతుందట. అప్పుడు ఎదగడం ఆపేసిన వెంట్రుకలు ఇప్పుడు రాలతాయి అంది. మళ్లీ వస్తుంది అని ధైర్యం చెప్పింది, వచ్చింది కూడా. టీచర్ మేడం, శరీరం లెక్క ఆలస్యంగా రాస్తుంది అనిపించింది నాకు.

పెన్నాతీరం
ఇక్కడ చాలామంది టెన్షన్‌ని మనసు సంగతిలాగా మాట్లాడుతున్నారు కాబట్టి మా పిన్ని సంగతి చెప్పాలి. బాబాయ్ పోయిన మూడో రోజు, ఇంటినిండా జనం ఉండగా గుండెల్లో నొప్పి అని కూర్చుండిపోయింది. ఈసీజీ తేడాగా ఉంది. గుండెపోటనే అనుకుని నెల్లూరు తీసుకెళ్లి యాంజియోగ్రామ్ చేయిస్తే ఒక్క రక్తనాళంలో కూడా అడ్డు లేదు. కానీ గుండె కింది భాగం బుడగలా ఉబ్బి, కొట్టుకోవడం మానేసింది. టాకోట్సుబో అన్నారు. జపాన్‌లో ఆక్టోపస్‌ని పట్టే కుండ పేరట అది. ఎక్స్‌రేలో గుండె ఆ కుండలాగే కనబడిందని అక్కడి డాక్టర్లు 1990లో ఆ పేరు పెట్టారు. ముట్లాగిపోయిన ఆడవాళ్లలో ఎక్కువ వస్తుందట. ఆరు వారాల్లో పిన్ని గుండె మామూలుగా అయింది.

ఆ రోజు మా వాళ్లలో సగం మంది "దుఃఖంలో అలాగే ఉంటుంది, మంచినీళ్లు ఇవ్వండి" అన్నారు. అది విని ఇంట్లో ఉంచేసుకుని ఉంటే ఏమయ్యేదో. టెన్షనే కదా అని గుండెనొప్పిని ఇంట్లో ఎవరూ తేల్చేయకండి. ముందు ఈసీజీ తీయించండి.

క్యాష్‌కౌంటర్
బ్యాంకు ఉద్యోగిని. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకే టెన్షన్ ఎక్కువ, వాళ్లకే గుండెజబ్బులు అనుకునేవాణ్ణి. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన అధ్యయనంలో తిరగబడి వచ్చింది. మైకేల్ మార్మట్ బృందం లెక్కలు తీస్తే పై అధికారులకన్నా కింది స్థాయి గుమాస్తాలు, మెసెంజర్లే గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారు. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలో వేసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో రెండో విడత మొదలుపెట్టి వెతికితే ఒక పెద్ద కారణం బయటపడింది. తన పని మీద తనకి పట్టు లేకపోవడం. ఎప్పుడు చెయ్యాలి, ఎలా చెయ్యాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తన చేతిలో లేకపోవడం.

టీచర్ గారి రోజు చదివితే నాకు అదే గుర్తొచ్చింది. పని ఎక్కువన్నది ఒక ఎత్తు. ఇరవై నాలుగు గంటల్లో ఆవిడ చేతిలో ఉన్న గంట ఒక్కటీ లేదు.

వేపచెట్టు_నీడ
అమ్మా టీచరూ, నాకు 71. మా ఆవిడ మతిమరుపు జబ్బుతో ఏడేళ్లు మంచంలో ఉంది, నేనే చూసుకున్నాను. ఆ ఏడేళ్లలో నాకు జలుబు పట్టని నెల లేదు. పోయాక ఏడాదికి తగ్గింది. తర్వాత ఎక్కడో చదివాను. అమెరికాలో 1995లో ఒక పరీక్ష చేశారు. మతిమరుపు జబ్బు ఉన్న తమవాళ్లని చూసుకునే పదముగ్గురు ఆడవాళ్లు, అదే వయసులో ఆ బరువు లేని పదముగ్గురు. అందరి ముంజేతి మీదా ఒకే కొలతలో చిన్న గాయం చేశారు. చూసుకునేవాళ్ల గాయం మానడానికి తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. ఆ ముక్క చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఎవరూ నన్ను నమ్మలేదు, ఆ గాయం నమ్మించింది అనిపించింది.

నీ చేతుల మీద గీతలు, గాట్లు తొందరగా మానుతున్నాయా తల్లీ?

తెనాలి_టీచర్
బాబాయ్ గారూ, మీరు అడిగాక చూసుకున్నాను. ఎడమ బొటనవేలి మీద కత్తిపీట గాటు. సొరకాయ తరుగుతుంటే తెగింది, ఇరవై రోజులైంది. పైన పొక్కు కట్టింది, నొక్కితే ఇంకా తడి వస్తోంది. అంట్లు తోముతాను కదా, నీళ్లలో నాని అలా ఉందనుకున్నాను.

స్టెతస్కోప్
షుగర్ 171లో ఉంటే దానివల్ల కూడా మానదు. రెండూ కలిసి ఉంటాయి. ఆ వేలు రేపే చూపించండి, ఆలస్యం చేయకండి. చేతికి తొడుగు లేకుండా అంట్లు తోమొద్దు.

ఓరుగల్లు_రాజు
మేడం, ఒక మాట వెనక్కి తీసుకుంటున్నా. నేను టెన్షన్ లేదు అనలేదు గానీ, ఆ అర్థం వచ్చేలా రాశాను. నాకు జరిగింది మీకు జరిగింది ఒకటి కాదు. ఇన్ని రాత్రులు మా అమ్మకి నేను చెయ్యగలనా అని నిన్నట్నుంచి ఆలోచిస్తున్నా.

డాలస్‌_నుంచి
నేను టీచర్ గారి తమ్ముడి వైపు మనిషిని. అందుకే రాస్తున్నాను. నాన్నగారు విజయవాడలో అక్క దగ్గర మూడేళ్లు మంచంలో ఉన్నారు. నేను నెలనెలా డబ్బు పంపేవాణ్ణి, ఆదివారం వీడియో కాల్ చేసేవాణ్ణి. కాల్ చివర్లో ప్రతిసారీ "టెన్షన్ పడకు అక్కా" అనేవాణ్ణి. నిజంగా ప్రేమతోనే అనేవాణ్ణి. అక్కకి బీపీ 180/110 వచ్చి పడిపోతే సెలవు పెట్టి వెళ్లాను. ఐదు వారాలు ఉన్నాను.

మొదటి రాత్రి అక్కని పడుకోమని నేను నాన్న పక్కన పడుకున్నాను. ఒంటిగంటకి లేచాను, డైపర్ మార్చాలి. నాన్న బరువు నాకు తెలియదు. పక్కకి తిప్పాలంటే ఒక మోకాలు మంచం మీద పెట్టి, దుప్పటి అంచు పట్టుకుని లాగాలని అక్క ఎప్పుడో కనిపెట్టింది, నాకు తెలియదు. నేను చేతులతో ఎత్తబోయాను, నాన్న నొప్పితో మూలిగారు. అక్క పరిగెత్తుకొచ్చింది. ఆ గదిలో నిలబడి, మూడేళ్లుగా నేను అన్న ఆ మాట ఎంత ఖాళీ మాటో నాకు అర్థమైంది.

టీచర్ గారూ, మీ తమ్ముడు చెడ్డవాడు కాకపోవచ్చు. ఆయనకి తెలియదు. తెలుసుకుంటాడులే అని ఎదురుచూడకండి. "ఒకసారి రా" అని కూడా అనకండి, మేము "చూద్దాం అక్కా" అంటాం. ఫలానా శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దుటి దాకా అమ్మ నీది అని తేదీ చెప్పండి.

రాత్రిడ్యూటీ
డాలస్ గారి పోస్టు మా అన్నయ్యకి పంపించాను.

టీచర్ గారూ, రెండు పనికొచ్చే ముక్కలు. గాలి నింపే పరుపు ఉంటుంది, మోటారుతో గాలి ఒక అర నుంచి ఇంకో అరకి మారుతుంటుంది. అది వేస్తే పక్క మార్చడం మానెయ్యొచ్చని కాదు, కానీ డాక్టరుని అడిగితే రాత్రిపూట ఎడం కొంచెం పెంచమంటారేమో. రెండోది, అమ్మగారి పక్క మార్చి వచ్చి పడుకోగానే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసి, ఆరు అంకెలకి మెల్లగా వదలండి. వదిలేది పొడుగ్గా ఉండాలి. ఐదు నిమిషాలు. గుండె దడ తగ్గుతుంది, మళ్లీ నిద్ర పట్టడానికి పనికొస్తుంది. నేను డ్యూటీలో చేస్తాను.

క్యాష్‌కౌంటర్
ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు. టెలిమానస్, 2022లో కేంద్రం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పిచ్చివాళ్లకే అనుకోకండి. బ్రాంచిలో ఆడిట్ గొడవల్లో నేను రెండుసార్లు చేశాను.

వేపచెట్టు_నీడ
మా రోజుల్లో ఈ నంబరు లేదు. నేను వేపచెట్టు కింద కూర్చుని పక్కింటాయనతో చెప్పుకునేవాణ్ణి. ఆయన ఏమీ అనేవాడు కాదు, వినేవాడు. ఈ పేరు అందుకే పెట్టుకున్నాను.

తెనాలి_టీచర్
అందరి పోస్టులూ రెండేసి సార్లు చదివాను. వేలు చూపించాను, కట్టు కట్టారు, మందు ఇచ్చారు. షుగర్ మాత్ర ఇంకొకటి కలిపారు. ఇంజెక్షన్ చీటీ చూపిస్తే డాక్టరు గారు దాన్ని ఫైల్లో పెట్టించి, ఇకమీదట ఎక్కడికి వెళ్లినా షుగర్ ఉందని ముందే చెప్పమన్నారు.

తమ్ముడికి డాలస్ గారి పోస్టు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. వచ్చే శుక్రవారం వస్తానన్నాడు.

తెనాలి_టీచర్
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. తమ్ముడు రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి వచ్చిన రాత్రి నేను పదింటికి పడుకుని పొద్దున ఆరున్నరకి లేచాను. లేచి భయపడ్డాను, అలారం మోగలేదేమని. గదిలోకి పరిగెడితే వాడు అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నాలుగింటి నుంచి నిద్ర పోలేదట. అమ్మ ఏదో చెబుతోందట, వాడికి అర్థం కావడం లేదట. అమ్మ అడుగుతున్నది కిటికీ తలుపు తియ్యమని.

నెలలో రెండు శుక్రవారాలు వాడివి. మిగతా రోజుల్లో రాత్రి రెండింటి వంతు మావారు తీసుకున్నారు. అన్నం సంగతి మళ్లీ ఎత్తలేదు. గాలి పరుపు వేయించాం. డాక్టరుని అడిగి, రోజూ చర్మం చూసుకుంటూ, రాత్రి రెండు సార్లకి తగ్గించాం. బొటనవేలు మానింది. పరగడుపున నిన్న 138. కొత్త మాత్ర వల్లా నిద్ర వల్లా అంటే నేను చెప్పలేను, రెండూ ఒకేసారి మొదలయ్యాయి.

మిర్చియార్డు
138 చూసి మా ఇంట్లో కూడా చెప్పాను మేడం. చాలా సంతోషం. నాన్న టీలు నాలుగుకి తగ్గాయి, పంచదార లేకుండా. ఆయన రాత్రి ఎందుకు నిద్రపోవడం లేదో మొదటిసారి అడిగాను. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఏడాదైంది, ధర రాలేదు, అప్పు మీద వడ్డీ పెరుగుతోంది. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

కృష్ణవేణి_కోదాడ
ఈ చర్చ మొత్తం ఇప్పుడే చదివాను. మా అత్తగారికి పోయిన వారమే పక్షవాతం వచ్చింది, ఎల్లుండి ఇంటికి పంపిస్తున్నారు. టీచర్ గారూ, ఆ గాలి పరుపు అద్దెకి దొరుకుతుందా, కొనాలా? దుప్పటి పట్టుకుని పక్కకి తిప్పడం ఎలాగో ఎవరైనా చెబుతారా?

తెనాలి_టీచర్
పెద్ద ఆస్పత్రుల దగ్గర సర్జికల్ షాపుల్లో అడగండి, మా దగ్గర అద్దెకే ఇచ్చారు. తిప్పడం ఫోన్‌లో చూపిస్తేనే అర్థమవుతుంది, రాస్తే కాదు. సాయంత్రం ఐదు తర్వాత వీడియో కాల్ చేయండి, అమ్మ మంచం దగ్గరే చూపిస్తాను. నంబరు మెసేజ్‌లో పెట్టాను. అక్కడే ఇంకో మాట కూడా అడిగాను, చూడండి: రాత్రిళ్లు మీతో పాటు ఎవరు లేస్తారో ఎల్లుండికి ముందే ఇంట్లో తేల్చుకున్నారా?